వెబ్‌సైటును ఎవరు చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు?

వెబ్‌సైటు నడిపేవారు ఎప్పుడైనా సర్వర్ లాగ్ తెరిచి చూస్తే పాఠకులతో పాటు బోలెడన్ని యంత్రాల జాడలు కనిపిస్తాయి. ఒక్కో అభ్యర్థనకు ఒక్కో వరుస ఉంటుంది. ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చారు, ఎన్ని గంటలకు వచ్చారు, ఏ పేజీ అడిగారు, సర్వర్ ఎన్ని బైట్లు పంపింది, అన్నీ అందులో నమోదవుతాయి. 200 అని ఉంటే అడిగింది ఇచ్చినట్టు, 404 అని ఉంటే అలాంటి పేజీ లేనట్టు, 403 అని ఉంటే ఇవ్వనన్నట్టు. వచ్చినవారు తమ పేరు ఏమని చెప్పుకున్నారో కూడా అక్కడే ఉంటుంది. పదేళ్ల కిందట ఆ చోట ఎక్కువగా గూగుల్‌బాట్, బింగ్‌బాట్ లాంటి సెర్చ్ ఇంజిన్ల పేర్లే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన జీపీటీబాట్, క్లాడ్‌బాట్, పర్‌ప్లెక్సిటీబాట్, బైట్‌స్పైడర్, సీసీబాట్ కూడా కనిపిస్తున్నాయి.

పైకి అన్నీ చేసే పని ఒకటే. పేజీ అడుగుతాయి, పట్టుకుపోతాయి. పట్టుకుపోయి ఏం చేస్తాయన్న దగ్గర తేడా వస్తుంది. ఒకటి, వెతికేవారికి ఆ పేజీ చిరునామా చూపిస్తుంది. ఇంకొకటి దాన్ని భాషా నమూనాకు శిక్షణ ఇవ్వడానికి వాడుతుంది. మూడోది, ఎవరో అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు ఆ పేజీ చదివి జవాబు అల్లి ఇస్తుంది. సెర్చ్ కోసం పుట్టిన ఒక్క అనుమతి పద్ధతి ఈ మూడింటికీ సరిపోతుందా? సాంకేతిక ప్రమాణాల కమిటీల నుంచి ఢిల్లీ హైకోర్టు దాకా ఇప్పుడు నడుస్తున్న వాదనలన్నిటికీ మూలం ఈ ప్రశ్నే.

మర్యాద మీద నడిచిన ఏర్పాటు

వెబ్ ఎంత పెరుగుతోందో లెక్కపెట్టడానికి 1993లో అమెరికాలోని ఎంఐటీలో మాథ్యూ గ్రే ఒక ప్రోగ్రాం రాశాడు. దాని పేరు వరల్డ్ వైడ్ వెబ్ వాండరర్. ఒక పేజీ తెరవడం, అందులోని లింకులు పట్టుకుని తర్వాతి పేజీకి పోవడం దాని పని. నేటి క్రాలర్లన్నీ ఆ సూత్రం మీద నడిచేవే. అప్పటి సర్వర్ల శక్తి అంతంతమాత్రం. ఏదో ఒక రోబో వచ్చి తెరిపి లేకుండా పేజీలు అడిగితే సైటు చతికిలబడేది. దీనికి విరుగుడుగా మార్టిన్ కోస్టర్ 1994లో ఒక చిన్న ఏర్పాటు ప్రతిపాదించాడు. ప్రతి సైటూ తన మూల చిరునామా దగ్గర రోబోట్స్.టీఎక్స్‌టీ అనే ఫైలు పెట్టుకోవాలి. లోపలికి వచ్చే రోబో ముందుగా దాన్ని చదవాలి.

ఆ ఫైలులో పెద్దగా రాయాల్సిందేమీ లేదు. ‘యూజర్-ఏజెంట్: జీపీటీబాట్’ అని ఒక వరుస, దాని కింద ‘డిస్అలౌ: /’ అని ఇంకో వరుస. ఈ మాట ఎవరికి చెబుతున్నామో మొదటి వరుస చెబుతుంది, ఎక్కడికి రావద్దో రెండోది చెబుతుంది. వాలుగీత ఒక్కటే పెడితే సైటు మొత్తంలో ఎక్కడికీ రావద్దని. పేరుకు బదులు నక్షత్రం గుర్తు పెడితే ఆ మాట అందరికీ వర్తిస్తుంది.

వెబ్ అంతా పాటిస్తూ వచ్చినా 28 ఏళ్ల పాటు దీనికి అధికారిక ప్రమాణం హోదా లేదు. 2019లో గూగుల్ చొరవ తీసుకున్నాక, ఇంటర్నెట్ ప్రమాణాలు చూసే ఐఈటీఎఫ్ 2022 సెప్టెంబరులో దీన్ని ఆర్ఎఫ్‌సీ 9309గా ప్రచురించింది. ఈ నియమాలు ప్రవేశాన్ని అనుమతించే, అడ్డుకునే యంత్రాంగం కావని ఆ పత్రమే స్పష్టం చేసింది. అంటే ఈ ఫైలు గుమ్మం దగ్గర ‘చెప్పులు బయట విడవండి’ అని రాసిన బోర్డు లాంటిది. మర్యాద తెలిసినవాడు పాటిస్తాడు, తెలియనివాణ్ణి అది ఆపలేదు. పైగా ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవచ్చు. దాచాల్సిన ఫోల్డర్ల పేర్లు అందులో రాసి ‘ఇక్కడికి రావద్దు’ అంటే, ఎక్కడ వెతకాలో దుర్బుద్ధి ఉన్నవాడికి మనమే చెప్పినట్టు.

సెర్చ్ ఇంజిన్ నాలుగు మెట్లు

సెర్చ్ ఇంజిన్ పనిని నాలుగు దశలుగా చూడొచ్చు. మొదటిది పేజీ ఉందని తెలుసుకోవడం. దీనికి పాత దారి లింకులు. ఎక్కడినుంచీ లింకు లేని పేజీ అలా దొరకదు కాబట్టి 2005లో గూగుల్ సైట్‌మ్యాప్ పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడు యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా దాన్ని ఒప్పుకున్నాయి. సైటు యజమాని తన పేజీల చిరునామాలు ఒక ఫైలులో రాసిపెడతాడు. ఒక్కో ఫైలులో 50,000 చిరునామాల దాకా పెట్టవచ్చు. సెర్చ్ ఇంజిన్ వచ్చి చూసేదాకా ఆగకుండా, పేజీ మారగానే మనమే కబురు పంపే ఇండెక్స్‌నౌ పద్ధతిని మైక్రోసాఫ్ట్ బింగ్, యాండెక్స్ కలిసి 2021లో తెచ్చాయి.

రెండోది పేజీని తెచ్చుకోవడం, అంటే క్రాల్ చేయడం. సర్వర్ నెమ్మదిస్తే మంచి క్రాలర్ తన వేగం తగ్గించుకుంటుంది. మూడోది పేజీని నిజంగా తెరిచి చూడటం. ఈనాటి పేజీల్లో చాలా భాగం జావాస్క్రిప్ట్ నడిచాకే కనిపిస్తుంది. అందుకే గూగుల్‌బాట్ 2019 నుంచి క్రోమ్ బ్రౌజర్ తాజా ఇంజిన్‌తో పేజీని తెరుస్తోంది. నాలుగోది ఇండెక్స్‌లో, అంటే వెతకడానికి వాడే సూచికలో, చేర్చడం.

ఈ రెండో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పేజీ సెర్చ్‌లో కనిపించకూడదంటే అందులో ‘నోఇండెక్స్’ అనే ట్యాగ్ పెట్టాలి. అదే పేజీని రోబోట్స్ ఫైలులో కూడా అడ్డుకుంటే క్రాలర్ లోపలికే రాదు, ఆ ట్యాగ్‌ను చూడనే చూడదు. వేరే సైట్ల లింకుల ద్వారా దాని చిరునామా తెలిసి ఉంటే, ఏ వివరమూ లేకుండా చిరునామా మాత్రం ఫలితాల్లో తేలవచ్చు. అంటే దాచాలనుకున్న పేజీలోకి క్రాలర్‌ను రానివ్వాలి.

ఇక వచ్చింది నిజంగా గూగుల్‌బాటేనా అన్నది ఇంకో ప్రశ్న. యూజర్-ఏజెంట్ అన్నది వచ్చినవారు చెప్పుకునే పేరు మాత్రమే, ఎవరైనా ఏ పేరైనా చెప్పుకోవచ్చు. అందుకే గూగుల్ రెండంచెల పరీక్ష చెబుతుంది. లాగ్‌లోని ఐపీ చిరునామాకు ఏ డొమైన్ పేరు ఉందో వెనక్కి వెతకాలి. అది గూగుల్‌బాట్.కామ్ లాంటి గూగుల్ సొంత డొమైన్‌తో ముగియాలి. మళ్లీ ఆ పేరు నుంచి ముందుకు వెతికితే మొదటి ఐపీయే రావాలి. రెండూ కుదిరితేనే అసలుది.

ఇంత తతంగాన్ని సైట్ల యజమానులు ఎందుకు భరించారంటే, బదులుగా పాఠకులు వచ్చేవారు. నువ్వు నా పేజీ కాపీ చేసుకో, నాకు చదివేవాళ్లను పంపు. ఎక్కడా సంతకాలు లేని ఈ ఒప్పందానికి కోర్టులు కూడా కొంత బలం ఇచ్చాయి. గూగుల్ తన రచనల కాపీని దాచి చూపిస్తోందని ఫీల్డ్ అనే రచయిత వేసిన కేసులో, వద్దని చెప్పే ట్యాగ్ ఉందని తెలిసీ పెట్టకపోవడం పరోక్షంగా అనుమతించడమేనని అమెరికాలోని నెవాడా ఫెడరల్ కోర్టు 2006లో అంది. వద్దనలేదంటే సరేనన్నట్టే అన్న ఈ సూత్రం మీదే ఇంతకాలం వెబ్ నడిచింది.

తెలుగు పేజీలు కనిపించని కాలం

అనుమతి ఉన్నంత మాత్రాన అందుబాటు ఉండదన్న సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2000 తర్వాత చాలా ఏళ్లపాటు తెలుగు దినపత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లలో నడిచేవి. తెర మీద తెలుగే కనిపించేది గానీ, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. క్రాలర్‌కు అది అర్థం లేని అక్షరాల గుట్ట. ‘పోలవరం’ అని యూనికోడ్‌లో వెతికితే ఆ పత్రికల్లోని పోలవరం వార్త ఒక్కటీ దొరికేది కాదు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది, పత్రికలు అందులోకి మారడానికి చాలా కాలం పట్టింది. ఆ మధ్యకాలంలో ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపేది.

ఆ సమస్య పూర్తిగా పోలేదు. డీటీపీ దుకాణాల్లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, అతికించిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి. ఈ-పేపర్ పుటలు బొమ్మలు. స్కాన్ చేసి పెట్టిన జీవోలూ బొమ్మలే. ఇవన్నీ అందరికీ తెరిచి ఉన్నవే, రోబోట్స్ ఫైలు అడ్డుకోనివే. అయినా బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్‌తో చదివిస్తే తప్ప సెర్చ్‌కు గానీ ఏఐకి గానీ అందవు. తెలుగులో ఏఐ తడబాటుకు ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఏఐ వచ్చే దారులు

ఏఐ సంస్థలు వెబ్ డేటాను ప్రధానంగా నాలుగు దారుల్లో తెచ్చుకుంటాయి.

మొదటిది శిక్షణ కోసం పోగుచేయడం. కొంత తమ సొంత క్రాలర్లతో, కొంత ఇతరులు పోగేసినదాని నుంచి. గిల్ ఎల్బాజ్ 2007లో స్థాపించిన కామన్ క్రాల్ అనే లాభాపేక్ష లేని సంస్థ వెబ్‌లో పెద్ద భాగాన్ని దించి అందరికీ ఉచితంగా ఇస్తోంది. దాని క్రాలరే సీసీబాట్. 2020లో వచ్చిన జీపీటీ-3 శిక్షణ మిశ్రమంలో 60 శాతం వాటా వడపోసిన కామన్ క్రాల్‌దే. ఆ రోజుల్లో సైటు యజమానులు దీన్ని పరిశోధన కోసం వచ్చే బాట్ అనుకుని రానిచ్చారు. ఓపెన్ఏఐ జీపీటీబాట్ అనే పేరు ప్రకటించి, వద్దనుకుంటే ఇలా ఆపుకోండని చెప్పింది 2023 ఆగస్టులో. చాట్‌జీపీటీ వచ్చి అప్పటికే ఎనిమిది నెలలు దాటింది. అంతకుముందు తీసుకున్నదాన్ని వెనక్కి ఇప్పించుకునే దారి రోబోట్స్ ఫైలులో లేదు.

రెండోది ఏఐ సెర్చ్ కోసం సూచిక తయారు చేయడం. ఓపెన్ఏఐ దీనికి ఓఏఐ-సెర్చ్‌బాట్ అనే వేరే పేరు వాడుతుంది. మూడోది వాడుకరి అడిగినప్పుడు అప్పటికప్పుడు తేవడం, దాని పేరు చాట్‌జీపీటీ-యూజర్. క్లాడ్‌బాట్‌ను నడిపే ఆంత్రోపిక్ కూడా శిక్షణకు, సెర్చ్‌కు, వాడుకరి కోరికకు ఇలాగే మూడు పేర్లు పెట్టుకుంది. నాలుగోది డబ్బిచ్చి కొనుక్కోవడం. రెడ్డిట్ తన ఏపీఐకి 2023లో ధర పెట్టింది. మరుసటి ఏడాది గూగుల్ ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుందని వార్తలొచ్చాయి. వికీమీడియా కూడా పెద్ద సంస్థల కోసం ఎంటర్‌ప్రైజ్ అనే చెల్లింపు సేవ నడుపుతోంది.

వీటిలో చిక్కంతా మూడో దారిలో ఉంది. 2025 ఆగస్టులో, వెబ్‌సైట్లకు రక్షణ సేవలు అందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ ఒక పరీక్ష వివరాలు బయటపెట్టింది. కొత్తగా డొమైన్లు కొన్నారు, వాటిని ఏ సెర్చ్ ఇంజిన్‌లోనూ చేర్చలేదు, రోబోట్స్ ఫైలులో అందరినీ వద్దన్నారు. తర్వాత ఏఐ సెర్చ్ సేవ పర్‌ప్లెక్సిటీని ఆ సైట్ల గురించి అడిగితే లోపలి సంగతులు చెప్పిందట. తన పేరుతో వచ్చిన బాట్‌ను ఆపినప్పుడు మ్యాక్ కంప్యూటర్‌లోని క్రోమ్ బ్రౌజర్‌లా కనిపించే పేరుతో మళ్లీ వచ్చిందని క్లౌడ్‌ఫ్లేర్ ఆరోపణ. పర్‌ప్లెక్సిటీ ఒప్పుకోలేదు. ఒక మనిషి అడిగితే ఆ మనిషి తరఫున పేజీ తెరవడం క్రాలింగ్ కిందికి రాదని వాదించింది. ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. నా బ్రౌజర్‌లో నేను తెరిచి చదవగల పేజీని నా సహాయకుడు తెరిస్తే తప్పేమిటి? అయితే ఆ సహాయకుడు లక్షల మంది తరఫున తెరిచి, ఏ ఒక్కరినీ సైటు దాకా రానివ్వకపోతే పేజీ రాసినవాడికి మిగిలేదేమిటి? ఏఐ బ్రౌజర్లు వచ్చాక ఈ గీత ఇంకా చెరిగిపోతోంది. పర్‌ప్లెక్సిటీ కామెట్ బ్రౌజర్ తన వాడుకరుల ఖాతాల్లోంచి కొనుగోళ్లు చేస్తోందని 2025 నవంబరులో అమెజాన్ కోర్టుకెళ్లింది.

గూగుల్ ముడి

ఓపెన్ఏఐ బాట్లను వద్దంటే పెద్దగా నష్టం కనిపించదు. గూగుల్ దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. శిక్షణకు వద్దనడానికి గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనే పేరును ఆ సంస్థ 2023 సెప్టెంబరులో ఇచ్చింది. అది వేరే క్రాలర్ కాదు. పేజీని తెచ్చేది ఎప్పటిలా గూగుల్ క్రాలర్లే, తెచ్చాక గూగుల్ ఏఐ నమూనా జెమినై శిక్షణకు వాడాలా వద్దా అన్నదానికే ఈ పేరు. సెర్చ్ ఫలితాల పైన కనిపించే ఏఐ ఓవర్‌వ్యూలు దీని పరిధిలోకి రావు. అవి సెర్చ్‌లో భాగమని గూగుల్ మాట. వాటిలో తన పాఠం కనిపించకూడదంటే యజమాని ‘నోస్నిప్పెట్’ లాంటి ట్యాగులు పెట్టాలి. అప్పుడు మామూలు సెర్చ్ ఫలితం కింద కనిపించే రెండు వాక్యాల పరిచయం కూడా పోతుంది. గూగుల్‌బాట్‌నే ఆపితే సెర్చ్ నుంచే మాయమవుతాడు. ఇష్టమైతే రెండూ, లేకపోతే ఏదీ లేదన్న ఈ పరిస్థితి మీద యూరోపియన్ కమిషన్ 2025 డిసెంబరులో దర్యాప్తు మొదలుపెట్టింది.

ఖర్చు ఒకరిది, రాబడి ఒకరిది

యంత్రాల రాకకు అయ్యే ఖర్చును కళ్లకు కట్టింది వికీమీడియా. 2024 జనవరి నుంచి తమ బొమ్మలు, వీడియోల డౌన్‌లోడ్ బ్యాండ్‌విడ్త్ 50 శాతం పెరిగిందని 2025 ఏప్రిల్‌లో చెప్పింది. పేజీ వీక్షణల్లో బాట్ల వాటా 35 శాతమే, అత్యంత ఖరీదైన ట్రాఫిక్‌లో మాత్రం 65 శాతం. కారణం తేలికైనదే. మనుషులు ఎక్కువగా ఒకే పేజీల చుట్టూ తిరుగుతారు, వాటి కాపీలు దగ్గర్లోని క్యాష్‌లో సిద్ధంగా ఉంటాయి. బాట్ ఎవరూ ముట్టని పేజీలను కూడా వరసగా అడుగుతుంది, వాటిని ప్రధాన డేటా సెంటర్ నుంచి తేవాలి. అదే ఏడాది అక్టోబరులో మనుషుల వీక్షణలు సుమారు 8 శాతం తగ్గాయని కూడా ఆ సంస్థ ప్రకటించింది.

తీసుకున్నదానికి ఎంతమంది పాఠకులను పంపారన్న లెక్క క్లౌడ్‌ఫ్లేర్ వేసింది. 2025 జూన్ నాటికి ఒక సందర్శకుణ్ణి పంపడానికి గూగుల్ 14 సార్లు, ఓపెన్ఏఐ 1,700 సార్లు, ఆంత్రోపిక్ 73,000 సార్లు పేజీలు అడిగాయని దాని సారాంశం. యాప్‌లలో నొక్కే లింకుల జాడ అన్నిసార్లూ సైటుకు తెలియదు కాబట్టి ఈ అంకెలను అక్షరాలా తీసుకోనక్కర్లేదు. ఆ సంస్థ బాట్లను ఆపే సేవ అమ్ముకుంటుందనీ గుర్తుంచుకోవాలి. ఎంత తగ్గించి చూసినా తేడా చిన్నది కాదు. ఆ జులై 1న క్లౌడ్‌ఫ్లేర్ కొత్త సైట్లకు ఏఐ క్రాలర్లను ముందే ఆపి ఉంచే ఏర్పాటు, అడిగిన ప్రతిసారీ రుసుము అడిగే పద్ధతీ ప్రకటించింది. వెబ్ పుట్టినప్పటి నుంచీ దాదాపు వాడకుండా పడి ఉన్న 402 కోడ్‌కు, అంటే ‘చెల్లింపు అవసరం’ అన్న జవాబుకు, అలా పని దొరికింది.

చట్టం ఎటు?

అందరికీ కనిపించే పేజీని యంత్రంతో చదవడం దొంగతనంగా చొరబడటం కాకపోవచ్చని డేటా విశ్లేషణ సంస్థ హైక్యూకూ లింక్డిన్‌కూ మధ్య కేసులో అమెరికా అప్పీళ్ల కోర్టు 2022లో మళ్లీ అంది. అదే ఏడాది కింది కోర్టు, లింక్డిన్ వాడుక షరతులను హైక్యూ ఉల్లంఘించిందని తేల్చింది. చదవడం నేరం కాకపోయినా ఒప్పందభంగం కావచ్చన్నమాట. కాపీరైట్ వేరే చిక్కు. కొన్న పుస్తకాలతో శిక్షణ ఇవ్వడం న్యాయబద్ధ వినియోగమేనని, దొంగ కాపీలను పోగేసుకోవడం మాత్రం కాదని 2025 జూన్‌లో ఆంత్రోపిక్ కేసులో జడ్జి అల్సప్ అన్నారు. తర్వాత ఆ సంస్థ 150 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఎలా వాడారన్నదానితో పాటు ఎలా సంపాదించారన్నదీ తూకంలోకి వచ్చింది.

మన దేశంలో ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఓపెన్ఏఐపై ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. తమ సర్వర్లు దేశం బయట ఉన్నాయి కాబట్టి ఇక్కడి కోర్టుకు పరిధి లేదన్నది ఓపెన్ఏఐ వాదనల్లో ఒకటి. 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ, డీపీఐఐటీ, వెలువరించిన చర్చాపత్రం ఇంకో దారి చూపింది. చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న రచనలన్నిటినీ ఏఐ సంస్థలు శిక్షణకు వాడుకోవచ్చు, హక్కుదారులకు కాదనే వీలుండదు, బదులుగా ఒక కేంద్ర సంస్థ ద్వారా రాయల్టీ కట్టాలి. ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్ దీనితో విభేదించింది. యూరప్ 2019 కాపీరైట్ ఆదేశం దీనికి తలకిందులు. అక్కడ యంత్రం చదవగల రూపంలో వద్దని చెప్పే హక్కు యజమానిదే, చెల్లింపు ఊసు లేదు. ఒకచోట కాదనే హక్కు ఉండి డబ్బు లేదు, ఇంకోచోట డబ్బు ఇస్తామంటూ కాదనే హక్కు తీసేస్తున్నారు.

వ్యక్తిగత సమాచారానికి ఉన్న రక్షణ మరీ పలుచన. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ (డీపీడీపీ) చట్టం, మనిషి తనంతట తాను బహిరంగంగా పెట్టుకున్న వివరాలకు వర్తించదు. బహిరంగంగా రాసుకున్న ఫోన్ నంబరును బాట్ ఎత్తుకుపోతే ఆ చట్టం అడ్డురాదు.

తెలుగు సైటు ఏం చేయాలి?

అన్ని బాట్లనూ ఆపెయ్యాలన్న సలహా ఇంగ్లిష్ పత్రికలకు సరిపోవచ్చు. తెలుగు సంగతి వేరు. కామన్ క్రాల్‌లో తెలుగు వాటా ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. ఉన్న కాస్తా తలుపులేసుకుంటే యంత్రాలకు తెలుగు నేర్పేవి స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్న తెలుగు వికీపీడియా, ఇంగ్లిష్ నుంచి యంత్రం అనువదించిన చెత్త పేజీలు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ లాంటివారు తెలుగు పాఠాన్ని తెరిచిన పద్ధతుల్లో సేకరిస్తున్నారు గానీ, ఆ పని భారమంతా వారి మీదే వదిలేయలేం. మరోపక్క, ప్రకటనల మీద బతికే ఒక చిన్న తెలుగు పత్రికను ఉచితంగా భాషాసేవ చెయ్యమని అడగడమూ న్యాయం కాదు.

అందుకే బాట్ పేరు చూసి కాకుండా పని చూసి నిర్ణయించుకోవడం మేలు. లింకు ఇచ్చి పాఠకుణ్ణి పంపే సెర్చ్ బాట్లను రానివ్వొచ్చు. శిక్షణ బాట్ల విషయంలో పాత సంచికలకు ఒక నిర్ణయం, తాజా సంచికకు ఇంకో నిర్ణయం తీసుకోవచ్చు. రోబోట్స్ ఫైలు ఫోల్డర్ల వారీగా ఆ తేడా చెప్పగలదు. చందాదారులకు మాత్రమే ఉద్దేశించినది లాగిన్ వెనక ఉండాలి, మాట వినని బాట్‌ను సర్వర్ దగ్గరే 403తో తిప్పి పంపాలి. నెలకొకసారైనా లాగ్ చూడాలి.

అయితే ఇదంతా యజమాని తన వైపు నుంచి చేయగలిగింది. అవతలివాడు పేరు దాచుకుంటే, మూడు పనులను ఒకే బాట్ కింద కట్టేస్తే, ఏ ఫైలూ ఏం చేయలేదు. ఐఈటీఎఫ్‌లో 2025లో మొదలైన ఏఐపీఆర్ఈఎఫ్ బృందం శిక్షణకు, సెర్చ్‌కు వేర్వేరుగా ఇష్టాయిష్టాలు తెలిపే పద్ధతి మీద పనిచేస్తోంది. అది సిద్ధమైనా మళ్లీ మర్యాద మీదే నడవాలి. మన చర్చాపత్రం రాయల్టీ ఎంత, ఎవరు పంచాలి అన్న దగ్గర ఎక్కువ ఆలోచించింది. అంతకంటే ముందు చట్టం రెండు చిన్న సంగతులు తప్పనిసరి చేయాలి. వచ్చిన ప్రతి బాట్ తానెవరో తనిఖీ చేయగల రూపంలో చెప్పాలి. సెర్చ్‌కు, శిక్షణకు, అప్పటికప్పటి జవాబుకు విడివిడిగా అడగాలి, ఒకదానికి కాదన్నందుకు ఇంకోదానిలో శిక్ష వేయకూడదు. ఎవరు ఏం తీసుకున్నారో తెలియకుండా రాయల్టీ పంచడం ఎలాగూ కుదరదు.